బొమ్మ కింద నేను చేర్చిన మాట

రెండువేల ఇరవై మూడు నవంబరు ఇరవై అయిదు, శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నేను ఒక అబద్ధం చెప్పాను. వేళ ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ఆ క్షణంలో ఒకాయన ఫోనుతో ఫోటో తీయడం. మా చెల్లెలి కొడుకు శ్యాంప్రసాద్ ఇంట్లో ఆ చలికాలం జరిగినదంతా ఆ మాట నుంచే మొదలైంది. కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

దుబాయ్‌కు ఉత్తరాన రాస్ అల్ ఖైమాలో ఉన్న తెలుగు కుటుంబాలు ఏటా కార్తీకమాసంలో ఒక శనివారం పార్కులో వనభోజనాలు చేసుకుంటాయి. అక్కడ ఉసిరిచెట్టు లేదు. అందుకని భీమరాజు అనే ఆయన కుండీలో మూడడుగుల ఉసిరి మొక్కను పెంచి, ఆ రోజు దాన్ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టి తీసుకొస్తాడు. ఆయన భార్య ఎప్పుడూ వెనక సీట్లోనే. కుండీని మధ్యలో ఉంచి చుట్టూ చాపలు పరిచి, ఇళ్ల నుంచి తెచ్చినవి వడ్డించుకుంటారు. భోజనాలయ్యాక ఎవరో ఒకరు పాడాలి, లేకపోతే మాట్లాడాలి. ఆ ఏడు నన్ను మాట్లాడమన్నారు.

నేను విశాఖపట్నంలో ముప్పై నాలుగేళ్లు ఫ్రెంచి భాష బోధించాను. పెళ్లి చేసుకోలేదు. నాకు డెబ్బై మూడేళ్లు. విద్యార్థినిగా పారిస్‌లో ఉన్న రోజుల్లో నది ఒడ్డున పాత కాగితాలు అమ్మే చోట రాతి మీద గీసి కాగితం మీద అచ్చుతీసిన బొమ్మలు ఏడు కొన్నాను. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి వ్యంగ్య పత్రికలు వారం వారం వేసిన బొమ్మలవి. పెళ్లిని, అంతకంటే ఎక్కువగా పెళ్లాన్ని వెక్కిరించేవి. చదువుకునే భార్య, సభలకు వెళ్లే భార్య, విడాకుల చట్టం కావాలని బల్ల గుద్దే భార్య. ఆ పక్కనే తల పట్టుకున్న భర్త. వాటి మీద ఒక పుస్తకం రాస్తున్నాను. అందుకే రెండు నెలల వీసా మీద వచ్చినప్పుడు పెట్టె అడుగున అట్టల మధ్య భద్రంగా పెట్టి తెచ్చుకున్నాను. పార్కుకు పట్టుకెళ్లింది వాటిలో ఒకటి.

ఆ బొమ్మలో ఒకామె బల్ల ముందు కూర్చుని రాసుకుంటోంది. ఆమె వెనకాల భర్త. ఒక చంకన పసిబిడ్డ, రెండో చేత్తో గిన్నెలో గంజి కలుపుతున్నాడు. కుర్చీ ఒకటి పడిపోయి ఉంది. భర్తకు మీసం లేదు.

"కింద ఏదో రాసుంది, ఏంటండి మేడం అది?" అని భీమరాజు అడిగాడు.

ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ నవ్వరని నాకు తెలుసు. నలభై ముఖాలు నా వైపు తిరిగి ఉన్నాయి. తరగతి గదిలో నవ్వు తెప్పించడం ఎరిగిన నాలుక నాది. ఉద్యోగం మానినా ఆ అలవాటు మానలేదు. రెండు క్షణాలైనా ఆలోచించకుండా, అనువాదం చేస్తున్న గొంతుతోనే, నా సొంత మాట చెప్పాను.

"భార్య అంటోంది, నేను పనికి వెళ్తున్నాను, ఏమైనా కావాలా అని. భర్త అంటున్నాడు, నా మీసం ఎక్కడ దాచావో చెప్పి వెళ్లు అని."

అందరూ నవ్వారు. చిక్కేమిటంటే, అక్కడున్న మగవాళ్లలో దట్టమైన మీసం ఉన్నది శ్యాంప్రసాద్ ఒక్కడికే. నెల రోజుల్లో భార్య ఉద్యోగానికి వెళ్లబోతున్నదీ అతని ఇంట్లోనే. ఆ రెండు సంగతులూ అందరికీ తెలుసు. నవ్వు ఒక్కసారిగా అతని వైపు మళ్లింది. అతనూ నవ్వాడు. భీమరాజు బొమ్మను ఫోటో తీసి, నా మాటలు కింద టైపు చేసి, తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపులో పెట్టాడు.

మంజుల ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పాలి. శ్యాం భార్య మంజుల పెళ్లికి ముందు భీమవరంలో ఎగుమతి రొయ్యలను పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసింది. పదేళ్ల విరామం తరువాత, ఖోర్ ఫక్కాన్ రేవులో దిగే చేపలనూ పండ్లనూ పరీక్షించే ఒక చిన్న సంస్థ ఆమెను తీసుకుంది. సోమవారం తెల్లవారుజామున వెళ్లి శుక్రవారం సాయంత్రం తిరిగి రావాలి. మధ్య నాలుగు రాత్రులు ఫర్జానా అనే నెల్లూరు అమ్మాయితో కలిసి ఒక గదిలో ఉండాలి. వాళ్ల తొమ్మిదేళ్ల కూతురు చిన్ని తండ్రి దగ్గర ఉంటుంది. మంజుల వీసా భర్త పేరు మీద ఉంది కాబట్టి, ఆమె పనిచేయడానికి తనకు అభ్యంతరం లేదని భర్త సంతకం చేసిన పత్రం డిసెంబరు పదిహేనులోగా ఇవ్వమని ఆ సంస్థ అడిగింది. లేకపోతే జాబితాలో రెండో పేరుకు కబురు వెళుతుంది. శ్యాం మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడు. తానే బజారుకు వెళ్లి, ఇనాయతుల్లా టైపింగ్ సెంటరులో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఆ పత్రం చేయించాడు. సోమవారం సంతకం పెట్టాలి.

సోమవారం శ్యాం క్వారీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, చిన్నికి వచ్చే ఏడు చదువు కష్టమవుతుందనీ, ఉద్యోగం సంగతి అప్పుడు చూద్దామనీ అన్నాడు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఏం మారిందని మంజుల అడిగింది. ఏమీ మారలేదన్నాడు. ఆమె చిన్ని పళ్లెంలో పెరుగన్నం కలిపి పెట్టి, తన పళ్లెం ముందు కూర్చుని తినడం పూర్తిచేసింది.

ఏం మారిందో నాకు తెలుసు. శ్యాం కొండరాయి తవ్వే క్వారీలో ముదీర్, అంటే మేనేజరు. అతని కింద నూటముప్పై మంది. అందులో మనవాళ్లు యాభైమందికి తక్కువ ఉండరు. శనివారం గుంపులో పడిన బొమ్మ ఆదివారానికి వాళ్ల క్యాంపు చేరింది. సోమవారం ఉదయం లారీ డ్రైవర్లలో ఎవరో తన వెనకాల మీసం మాట అనడం శ్యాం విన్నాడు. ఈ ఆఖరి సంగతి మాత్రం అప్పటికి నా ఊహే. తరువాత అది నిజమని తేలింది.

మంజుల చిన్నిని పడుకోబెట్టడానికి వెళ్లగానే నేను శ్యాంకు క్షమాపణ చెప్పాను.

"నువ్వేం చేశావు పెద్దమ్మా, బొమ్మ కింద ఉన్నదేగా చదివావు," అన్నాడు. "అంత చదువుకున్న దేశంలో, అన్నేళ్ల కిందటే నవ్వుకున్నారంటే, ఇక్కడ నవ్వరా?"

అది అక్కడ లేదని ఆ క్షణంలోనే చెప్పవలసింది. చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క విద్యార్థి ముందైనా తప్పు అనువాదం చేశానని ఒప్పుకోవలసి రాలేదు. ఆ గర్వం నోటికి అడ్డం పడింది. మొదటి తప్పుకు కారణం తొందరపాటు అనుకోవచ్చు. రెండోదానికి అలాంటి సాకు లేదు.

మర్నాడు శ్యాం పనికీ, చిన్ని బడికీ వెళ్లాక, మంజుల భోజనాల బల్ల తుడిచి, పొడి గుడ్డతో మరోసారి తుడిచి, ఆ బొమ్మలన్నీ చూపించమంది. ఏడింటినీ వరుసగా పరిచాను. ఆమెకు ఫ్రెంచి రాదు. ప్రయోగశాల మనిషి చూసినట్టు చూసింది: ముందు దూరం నుంచి, తరువాత దగ్గరగా, మూల నుంచి మూలకు. గంజి కలిపే భర్త బొమ్మ దగ్గర ఆగి, అడుగున ఉన్న అక్షరాల మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ రాత ఆ బొమ్మ వేసినాయన రాసిందేనా, పెద్దత్తయ్యా?"

సాధారణంగా కాదని చెప్పాను. చిత్రకారుడు రాతి మీద బొమ్మ గీసి పంపించేవాడు. కింది మాటలు తరచుగా పత్రిక కార్యాలయంలో మరొకరు కూర్చేవారు. ఒక్కోసారి చిత్రకారుడికి అచ్చయ్యాకే అవి తెలిసేవి. ఇది నేను వందసార్లు పాఠంగా చెప్పిన విషయం.

"చెయ్యి అడ్డం పెడితే ఇందులో ఎగతాళి ఏముంది? ఆవిడ రాసుకుంటోంది. ఆయన బిడ్డని ఎత్తుకున్నాడు. బిడ్డ ఏడవడం లేదు, చూడండి. నిద్రపోతోంది."

నలభై అయిదేళ్లుగా ఆ బొమ్మ నా దగ్గర ఉంది. బిడ్డ కళ్లు మూసుకుని ఉన్నట్టు నేను గమనించలేదు. కింద ఉన్న మాటల్లో బిడ్డ ఏడుస్తోందని ఉంది. నా కంటికి ఏడుస్తున్నట్టే కనబడింది.

అప్పుడు నిజం చెప్పాను. బొమ్మ కింద ఉన్న అసలు మాటలు భార్యవి: నాకు పద్యం కుదురుతోంది, నీ కొడుకును కాసేపు ఏడవకుండా చూసుకో, అని. అది ఆమెను వెక్కిరించే మాట. మీసం మాట ఆ పత్రికది కాదు, ఆ శతాబ్దానిది కాదు, నాది. మంజుల చెయ్యి తీసి, ఆ అర్థంకాని అక్షరాలకేసి చాలాసేపు చూసింది.

"అందరికంటే ముందు నవ్వింది నేనే, పెద్దత్తయ్యా," అంది.

కోప్పడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆమె బొమ్మలను ఒకదాని మీద ఒకటి సర్ది, మధ్య మధ్య పల్చటి కాగితం పెట్టి నాకు ఇచ్చింది. ఆయన్ను మళ్లీ అడగనని చెప్పింది. అడగవలసినది ఒకసారి అడిగిందట, ఆయన సరేనన్నాడట. ఆ సరే ఇంకా చెల్లుతుందని తాను అనుకుంటోందట. ఫర్జానాకు ఫోను చేసి, కిటికీ పక్క మంచం తనకే ఉంచమంది. తెల్ల కోట్లు రెండు కుట్టించుకోవడానికి కొలతలు ఇచ్చి వచ్చింది. జనవరి రెండున వెళ్లబోయే మనిషి చేసే పనులన్నీ ఒక్కొక్కటే చేయసాగింది.

"మీరేం చేస్తారు?" అని మాత్రం నన్ను అడిగింది.

తప్పు అచ్చయిన చోటే సవరణ కూడా అచ్చవ్వాలి. నేను నేర్చుకున్న విద్యలో నియమం అది. భీమరాజు చేత నన్ను ఆ వాట్సాప్ గుంపులో చేర్పించుకుని ఇలా రాశాను: "సవరణ. నవంబరు 25న వనభోజనాలలో నేను చూపిన బొమ్మ కింద మీసానికి సంబంధించిన వాక్యం లేదు. అది నా కల్పన. అసలు వాక్యానికి అర్థం వేరు. అనువాదమని చెప్పి నా మాటను మీకు వినిపించినందుకు విచారిస్తున్నాను. ఇట్లు, నాగరత్నమ్మ." రెండు నమస్కారాల గుర్తులు వచ్చాయి. దాని కింద ఎవరో గులాబీల బొమ్మతో శుభోదయం చెప్పారు. ఆ కింద, మర్నాడు దోశపిండి ఎవరి దగ్గర దొరుకుతుందన్న ప్రశ్న. మీసం బొమ్మ నాలుగు గుంపులు దాటి వెళ్లింది. నా సవరణ ఆ గుంపు గడప దాటలేదు.

శ్యాంకు నోటితోనే చెప్పాను. అతను అన్నం తినడం ఆపి విన్నాడు. "ఎవరు రాస్తే ఏంటి పెద్దమ్మా? నవ్వింది నిజమేగా," అన్నాడు. కారణాన్ని తీసేస్తే కార్యం ఉండదని తర్కశాస్త్రంలో చదువుకున్నాను. నవ్వు విషయంలో అది నిజం కాదు.

డిసెంబరు పదకొండున నేను ఇనాయతుల్లా దగ్గరికి వెళ్లాను. కడప మనిషి, అరవై దాటినవాడు. పత్రం ఇంకా ఉందో, చింపేశాడో తెలుసుకోవాలని వెళ్లాను. సొరుగు లాగి చూపించాడు. శ్యాం ఫోను చేసి అవసరం లేదన్నా చింపలేదట. పదిహేనో తారీకు దాటేదాకా అది తన దగ్గర ఉండాల్సిన కాగితమేనట.

"అమ్మా, నువ్వు పెద్దదానివి, చెప్పకూడదు గానీ," అన్నాడు. "ఆ బొమ్మ క్వారీలో కాంటా గదిలో గోడకి అంటించినారు. ఇంత పెద్దది, రంగుల్లో. శ్యాం సాబ్ రోజూ దాని ముందర నుంచే పోవల్ల. మనిషికి ఎట్లుంటాది చెప్పు?"

కాంటా అంటే లారీలను తూచే చోటు. ఇనాయతుల్లా మర్నాడు వీసా కాగితాల పని మీద క్వారీకే వెళుతున్నాడు. నన్ను తీసుకెళ్లమన్నాను. ఆడవాళ్లు వచ్చే చోటు కాదన్నాడు. నేను చెరపవలసినది అక్కడే ఉందన్నాను. యల్లా, రామ్మా, అన్నాడు.

కొండలు బూడిదరంగులో ఉన్నాయి. సగం దాకా తెగి, మెట్లు మెట్లుగా. దుమ్ము పడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కాంటా గదిలోకి వెళ్లాను. అద్దాల గది, ఒక తెర, ఒక కుర్చీ. కుర్చీలో ఉన్న ముప్పై ఏళ్ల మనిషి లేచి నిలబడి, తన పేరు రాజబాబు అనీ, రాజోలు దగ్గర మనిషిననీ చెప్పుకుని, కుర్చీ నాకు వేశాడు. బొమ్మ తెర పైన ఉంది, నాలుగు మూలలా టేపుతో. కానీ కింది భాగం లేదు. మాటలున్న మేరకు కత్తెరతో, రూలుకర్ర పెట్టినంత సూటిగా కత్తిరించి ఉంది.

కింద ఎందుకు కత్తిరించావని అడిగాను.

"ఆ మీసం మాట బాగోలేదండి," అన్నాడు. "మా నాన్నకి అంటగట్టినట్టుంటుందండి."

"మీ నాన్నకేమిటి?"

"ఆయ్. మా నాన్న అచ్చం ఇలాగే ఉండేవాడండి. మా అమ్మ పేరు మంగండి, మస్కట్‌లో నాలుగేళ్లు, తర్వాత ఇక్కడే దుబాయ్‌లో పన్నెండేళ్లు ఇళ్లల్లో పనిచేసిందండి. ఆవిడ ఎళ్లేసరికి నాకు ఆరేళ్లు, చెల్లికి ఏడో నెల. చెల్లిని చంకనేసుకునే గంజి కాసేవాడండి, చంకనేసుకునే రేషన్ కొట్టుకి ఎళ్లేవాడు. మాకు ఫోటోలు లేవండి. ఇది గుంపులో రాగానే, నాన్నే అనుకున్నానండి."

అతను ఇది చెబుతున్నప్పుడు శ్యాం గుమ్మంలో ఉన్నాడు. ఇనాయతుల్లా కారులో నన్ను చూసి వచ్చినట్టున్నాడు. రాజబాబు చూడలేదు, నేను చూశాను. సార్ రెండు వారాలుగా కాంటా గదిలోకి రావడం లేదనీ, చీటీలు బయట నుంచే తీసుకుంటున్నారనీ, తన వల్ల ఏదైనా తప్పు జరిగిందేమో కనుక్కోమనీ అతను నన్నే బతిమాలాడు. బయట నుంచి అద్దంలోంచి చూస్తే గోడ మీద బొమ్మ ఉందని మాత్రమే తెలుస్తుంది. దాని కింద మాటలు కత్తిరించిన సంగతి తెలియదు.

బయట ఒక లారీ కాంటా మీదికి ఎక్కి ఆగింది. శ్యాం లోపలికి వచ్చాడు. రాజబాబు గబుక్కున తెర వైపు తిరిగాడు.

"ఎంత తూగింది?" అని శ్యాం అడిగాడు.

రాజబాబు అంకె చెప్పాడు. శ్యాం చీటీ మీద సంతకం పెట్టి, దాన్ని డ్రైవరుకు ఇవ్వకుండా కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"ఊళ్లో మీ నాన్నని ఎవరూ ఏమీ అనేవారు కాదా?"

"ఎందుకనరండి, అనేవోరు. ముందు పిల్లకి పెట్టనివ్వండి, తర్వాత అందురుగాని, అనేవాడండి. ఆయనకి తీరిక దొరికేసరికి ఆళ్లు ఎళ్లిపోయేవోరు."

లారీ హారన్ కొట్టింది. శ్యాం చీటీ ఇచ్చేసి, దుమ్ములో ఎక్కువసేపు ఉండకు పెద్దమ్మా అని నాతో చెప్పి, తన ఆఫీసు వైపు నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఇనాయతుల్లా నేను చెరపవలసినది చెరిపానా అని అడగలేదు.  బొమ్మను గోడ మీదనే ఉంచి వచ్చాను.

 మర్నాడు రాత్రి మంజుల ఫర్జానా పంపిన గది ఫోటోలు చిన్నికి చూపిస్తుంటే, శ్యాం పక్కన కూర్చుని తనూ చూశాడు. పద్నాలుగో తారీకు గురువారం ఉదయం తొమ్మిదింటికి ఇనాయతుల్లా నాకు ఫోను చేశాడు. శ్యాం సాబ్ వచ్చి కూర్చున్నాడనీ, మంజులమ్మను వెంటబెట్టుకుని రమ్మనీ చెప్పాడు. ఇద్దరికీ చదివి వినిపించనిదే తాను సంతకం పెట్టనివ్వడట. ఆ దుకాణం తెరిచిననాటి నుంచి అది అతని పద్ధతి. చదవడం రానివాళ్లకీ అంతే, ముదీర్‌కీ అంతే.

దుకాణంలో మూడు కుర్చీలే ఉన్నాయి. శ్యాం లేచి నాకు చోటిచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇనాయతుల్లా కళ్లద్దాలు సర్దుకుని, అరబ్బీ వాక్యం ఒకటి చదివి, దాన్ని కడప తెలుగులో చెబుతూ పోయాడు. భర్తను, వీసాకు హామీదారును అయిన నేను, నా భార్య ఫలానా సంస్థలో పనిచేయడానికి నా అనుమతి ఇస్తున్నాను. ఆమె నా బాధ్యత కింద ఉంది. ఆమె విషయంలో నేనే జవాబుదారీ. పద్ధెనిమిది వందల నాలుగు నాటి ఫ్రాన్సు చట్టంలో భర్త రక్షించాలి, భార్య విధేయురాలై ఉండాలి అన్న వాక్యం నేను ఏటా బోర్డు మీద రాసేదాన్ని. రాసి, ఆ రోజులు పోయాయని చెప్పేదాన్ని.

అనుమతి అన్న మాట తీసేయవచ్చా అని మంజుల అడిగింది.

"ఫార్మాట్ తల్లీ ఇది. ఒక్క మాట తీస్తే కాగితం వాపస్ వస్తాది, రేపు ఆఖరు దినం," అన్నాడు ఇనాయతుల్లా.



"ఉండనివ్వండి అయితే," అని, మంజుల శ్యాం వైపు తిరిగింది. "మీరు సంతకం పెడుతున్నారని నేను వెళ్లడం లేదండి. నేను వెళ్తున్నాను కాబట్టి మీరు పెడుతున్నారు. అది మీకు తెలిస్తే చాలు. కాగితానికి తెలియనక్కర్లేదు."

శ్యాం తల ఊపాడు. పెన్ను తీసుకుని రెండు చోట్లా సంతకం పెట్టాడు. ఇనాయతుల్లా ముద్ర కొట్టి, ఖలాస్, అన్నాడు.

ఇక్కడితో ఈ కథ ముగిసిందని నేను అనుకున్నాను. సంతకంతో ముగియలేదు.

క్రిస్మసు సెలవుల చివర ఒక సాయంత్రం, మంజుల లేనప్పుడు, శ్యాం టీ తెచ్చి నా ముందు పెట్టి కూర్చున్నాడు. నా వీసా జనవరి ఎనిమిదితో అయిపోతుంది. ఇంకో నెల పొడిగించవచ్చు, ఆ తరువాత మరో నెల కూడా. చిన్నికి నేను అలవాటయ్యాను. విశాఖపట్నంలో నా కోసం ఎదురుచూసే పని ఏదీ లేదు. పుస్తకం ఇక్కడ కూర్చుని కూడా రాసుకోవచ్చు. అన్నీ వరుసగా చెప్పాడు. అన్నీ నిజమే. ఉండాలని నాకూ ఉంది. ఆ ఇంట్లో పొద్దున్నే చిన్ని వచ్చి నా దుప్పట్లో దూరేది. అటువంటిది నా జీవితంలో అంతకు ముందు లేదు.

"ఉండను," అన్నాను.

"ఏం పెద్దమ్మా?"

"నేనుంటే మంజుల చేసేవన్నీ నేను చేస్తాను. నువ్వు అడగకపోయినా చేస్తాను. నా చేతులు ఊరుకోవు. అప్పుడు మంజుల వెళ్లినా ఈ ఇంట్లో ఏమీ మారదు. ఒక ఆడమనిషి స్థానంలో ఇంకో ఆడమనిషి. నేను తిరిగి వెళ్లే రోజున నువ్వు మళ్లీ చిన్ని చదువు సంగతి ఎత్తుతావు."

అతనికి కోపం వచ్చింది. తన మీద ఆ మాత్రం నమ్మకం లేదా అన్నాడు. నమ్మకం ఉంది కాబట్టే వెళుతున్నానని చెప్పాను. టీ చల్లారిపోయింది. అతను కప్పులు తీసుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి, ఇడ్లీ పిండికి పప్పు ఎన్ని గంటలు నానాలి అని అడిగాడు. గోడకేసి చూస్తూ అడిగాడు. నాలుగు గంటలని చెప్పాను.

జనవరి రెండు, మంగళవారం, మంజుల ఖోర్ ఫక్కాన్ వెళ్లింది. ఆ నాలుగు రోజులూ నేను నా గదిలో తలుపు వేసుకుని కూర్చుని పుస్తకం రాశాను. వంటింట్లో గిన్నెలు పడిన చప్పుళ్లు విన్నాను, లేవలేదు. బుధవారం చిన్ని వేరువేరు రంగుల మేజోళ్లతో వెళ్లింది. గురువారం అన్నం మాడింది. ముగ్గురం ఆ మాడు వాసనతోనే తిన్నాం. శుక్రవారం రాత్రి మంజుల వచ్చి, బట్టలు మార్చుకోకుండానే చేపలో పాదరసం ఎలా కొలుస్తారో చిన్నికి చెప్పడం మొదలుపెట్టింది. ఇల్లు ఎలా ఉందో చూడలేదు. 

ఎనిమిదో తారీకు సోమవారం. మంజుల తెల్లవారకముందే నా కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నా విమానం మధ్యాహ్నం. ఆరుంబావుకు చిన్ని బడి బస్సు వస్తుంది. శ్యాం హాల్లో స్టూలు మీద కూర్చుని కూతురిని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, దువ్వెన నోట్లో కరచుకుని, జడ వేస్తున్నాడు. రెండుసార్లు విప్పి మూడోసారి వేశాడు. ఆ అమ్మాయి ఏడుపు ముఖంతో నన్ను చూసింది. నేను అతన్ని చూశాను. అతను ఎవర్నీ చూడలేదు. రిబ్బను ముడి మీదే కళ్లు పెట్టుకుని ఉన్నాడు.

చిన్నిని బస్సు దాకా నేను దింపుతానన్నాను. మెట్లు దిగుతుంటే చూశాను, పాపిడి వంకరగా ఉంది. నుదుటి దగ్గర సూటిగా మొదలై, నడినెత్తిన ఎడమకు తిరిగి, చెవి వైపు పోయింది. ఒక జడ రెండోదానికంటే పైకి ఉంది.

"నానమ్మా, సరిచెయ్యవా?" అంది. "అందరూ నవ్వుతారు."

బస్సు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. నాకు రెండు చాలు. నా చేతిసంచిలో దువ్వెన ఉంది. పిల్ల తల నా చేతికి అందేంత దగ్గరగా ఉంది. సంచి జిప్పు సగం దాకా తీశాను. మళ్లీ వేశాను.

"నాన్న వేశాడని చెప్పు," అన్నాను.

చిన్ని నా ముఖంలోకి చూసి, ఇంక లాభం లేదని తెలుసుకుని, బస్సు ఎక్కింది. కిటికీ పక్క సీటులో కూర్చుంది. పక్కనున్న పిల్ల ఆ జడల వైపు చూసి ఏదో అడిగింది. చిన్ని ఏదో చెప్పింది. అద్దం వెనక ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. బస్సు కదిలింది.